గొర్లు తాగని నీళ్లు

పటం విప్పే ముందు రామనర్సయ్య పంతులు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. కచేరీ వరండాలో జవాను ఒక్కడే స్తంభానికి జారగిలబడి కునుకు తీస్తున్నాడు. సూర్యాపేట అంగడిలో ఆ పూట మనుషులకన్నా ఈగలే ఎక్కువ. ఊళ్ల నుంచి బండ్లు రావడం మానేసి పక్షం రోజులైంది. అర్జీలు రాసి పొట్టపోసుకునే పంతులు దగ్గరికి ఆ వారంలో వచ్చిన మొదటి మనిషి జానమ్మే.

“నీ కొడుకు పేరు పట్టుకోవాల్సినోళ్ల కాయితం మీదికి ఎక్కి ఎన్ని దినాలైంది?” అని గొంతు తగ్గించి అడిగాడు.

“మొన్న ఐతారం చావిట్ల సదివిండ్రంట. గొల్ల సైదులు అని.”

“కోదాడల తొవ్వకు అడ్డమున్న నాకాకు ఆ కాయితం చేరేసరికి నాలుగైదు దినాలు పడ్తది. ఆ లోపల దాటాలె. పాలేరు అవతల వీళ్ల రాజ్యం కాదు. ఆడ ఎవడూ ఏం చేయలేడు.”

దాటకపోతే ఏమవుతుందని జానమ్మ అడగలేదు. ఆమె తమ్ముడు అంజయ్య మిర్యాలగూడ మీదుగా పోయి, వాడపల్లి రేవులో కృష్ణ దాటబోతూ దొరికిపోయాడు. మిర్యాలగూడలో పెట్టారని తెలిసి చూడబోతే రజాకార్లు మనిషిని చూపించలేదు, తలగుడ్డ ఒక్కటి బయటికి విసిరారు. ఆ తలగుడ్డ చేతికందిన రోజు నుంచి జానమ్మ చూపు కొడుకును వదల్లేదు. అన్నం తింటున్నా, గొర్లకు నీళ్లు పెడుతున్నా తలెత్తి వాడున్నాడా అని చూసేది. సైదులు తప్పల్లా ఒక్కటే. సంఘంవాళ్లు గుట్ట మీదికి వస్తే అంబలి పోశాడు, అవతలికి దారి చూపించాడు.

“వయసు మీదున్న మొగపిల్లగాడు ఒక్కడే పోతే పట్టుకుంటరు,” అన్నాడు పంతులు. “తల్లి యాత్రకు పోతుంటే తోడు పోయే కొడుకును విడుస్తున్నరు. అది కూడా కచేరీ పర్వానా ఉంటేనే. యాడికి పోతున్నరో అందుల రాయాలె. నాకాల అడుగుతరు, ఆడ ఏమున్నదో చెప్పాలె. చెప్పకపోతే ఖతం. ఇగో, చూడు. ఏరుకో.”

ఎప్పుడో జాతరలో కొన్న క్షేత్రాల పటం అది. మడతల దగ్గర చిరిగి, దేశం నాలుగు ముక్కలుగా ఉంది. జానమ్మ దాని ముందు గొంతుక్కూర్చుంది. ఆమె బతుకులో చేసిన యాత్రలు రెండే: దురాజుపల్లి గట్టు, జాన్‌పహాడు దర్గా. ఆ దర్గాకు పొట్టేలు మొక్కుకున్న ఏడాదే కొడుకు పుట్టాడు, సైదులు అని పిలుచుకుంది. ఆమె పేరూ ఆ దర్గా పెట్టిందే. అంతకు మించిన లోకం ఒకటుందని గాని, దాన్ని ఇలా కూరగాయల్లా ఏరుకోవచ్చని గాని ఆమెకు తెలియదు.

“కాశీ పెట్టు పంతులూ.”

“ఇగో, ఈ మెట్లున్న ఏరు కాడిదే కాశీ. అదొక్కటే రాస్తే హైదరాబాదు దిక్కు పోయి రైలెక్కుమంటరు. కోదాడ మీదికెల్లి ఎందుకని పట్టుకుంటరు. ముందు తూర్పు దిక్కుది ఉండాలె.”

జానమ్మ వేలు తూర్పుకు జరిగి నీలిరంగు మీద ఆగింది. “గిదేం చెరువు? కట్ట కనిపిస్తలేదు.”

“చెరువు కాదు, సముద్రం. పూరీ కాడ ఉంటది. ఈ ఒడ్డే గాని ఆ ఒడ్డు లేదు.”

“అమ్మో, అన్ని నీళ్లా! ఎన్ని మందలు తాగొచ్చు!”

“ఉప్పునీళ్లే. తాగరాదు.”

జానమ్మ చటుక్కున వేలు తీసేసింది. “గొర్లు తాగని నీళ్ల కాడికి పోయి ఏం జేస్తరు?”

“చూస్తరు.”

“ఉత్తగ సూస్తరా?” ఆమె పంతులు మొహం వంక చూసింది. ఉత్తగా చూడటానికి మనుషులు అంత దూరం పోతారంటే నమ్మబుద్ధి కాలేదు. అయినా ఆ నీలం మీదికి మళ్లీ చూపు పోయింది. అక్కడి నుంచి కిందికి దిగింది. పటం అడుగున ఒకచోట చెట్లు కిక్కిరిసి ఉన్నాయి, నేలంతా పచ్చగా ఉంది.

“గీడ గడ్డి ఎండనట్టుంది పంతులూ.”

“అది మలయాళ దేశం. కొబ్బరి చెట్లు. దక్షిణం, మనకు పనికిరాదు. యాత్ర ఏరుకోమంటే గడ్డి చూస్తవేందే?”

ఆమె చెయ్యి ఇష్టం లేకుండానే పైకి జరిగింది. పైన అంతా తెల్లగా ఉంది. “గీ కొండ మీద బొచ్చు ఆరబోసిండ్రా?”

పంతులుకు నవ్వొచ్చింది. నవ్వి, భయపడి జవాను వైపు చూశాడు. “మంచే అది. బదరీ.”

“మంచంటే పొద్దుగాల గడ్డి మీద ఉండేది గద?”

“అదే గడ్డకట్టి కొండంత అయితది. ఆడికి పోయినోడు వచ్చినదాకా నమ్మకం లేదు. నెలలు పడ్తది.”

“అయితే అదే రాయి.” జానమ్మ గొంతు ఒక్కసారిగా మారింది. “ఎంత దూరం పోతే అన్ని దినాలు మమ్ముల ఎవ్వరూ ఎతకరు గద. ఎందుకు రాలేదని ఊళ్లె అడగరు గద.”

పంతులు కలం ఆపి ఆమెను కొత్తగా చూశాడు. తర్వాత కచేరీ ముద్ర పడ్డ ఖాళీ పర్వానా మీద ఉర్దూలో రాసుకుపోయాడు: పూరీ, కాశీ, బదరీ. ఊరి పేరు దగ్గర మాత్రం ఆమె తల్లిగారి ఊరు రాశాడు. సైదులు అనే పేరు తాలూకాలో ఊరికి పది మందికి ఉంటుంది, ఊరు మారితే మనిషి మారినట్టే.

“బెజవాడ అన్న మాట నోట్లెకెల్లి రావద్దు. ఆడికెల్లే పోవాలె, గని అనొద్దు. సంఘపోళ్లు ఆడ ఉన్నరని వాళ్లకు ఎరుకే. ఇంకోటి, దొంగల లెక్క సందు పట్టుకొని పోవద్దు. కాశీకి పోయేటోళ్లు ఎట్ల పోతరో అట్లనే పోవాలె. ఇంటింటికి చెప్పుకోని పో.”

దారి పొడుగునా జానమ్మ మూడు పేర్లనూ గొర్లను లెక్కపెట్టినట్టు లెక్కపెట్టుకుంది. పేర్లు నిలవలేదు. గొర్లు తాగని నీళ్లు, మెట్లున్న ఏరు, బొచ్చు కొండ. అలా అనుకుంటే నిలిచాయి.

మర్నాడు పొద్దున్నే ఆమె ఊళ్లో ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒకటే అంటారు. అందుకే పోయేవాళ్లు గడప గడపకూ వచ్చి, “ఏమన్న తప్పులుంటే కడుపుల పెట్టుకోండ్రి,” అని చేతులు పట్టుకోవాలి. జానమ్మ ప్రతి గడప దగ్గరా ఆ మాట అంది. పంతులు చెప్పిన వేషమే అయినా మూడో ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది. ఇరవై ఏళ్లుగా చేను గట్టు మీద కొట్లాడుతున్న చంద్రమ్మ, “తప్పు నాదే వదినా,” అని కాళ్ల మీద పడింది. కళ్లు సరిగా కనిపించని బక్కమ్మ ఒక సీసా తెచ్చి చేతిలో పెట్టి, “ఇంత గంగ నీళ్లు తే బిడ్డా, పానం పోయేటప్పుడు నోట్లె పోసుకుంట,” అంది. జానమ్మ సీసా అందుకుంది.

సుక్కమ్మ ఇంటికి మాత్రం ఆఖరున వెళ్లింది. మందను ఆమెకే అప్పజెప్పాలి, తప్పదు.

సుక్కమ్మ గోడ నీడన కదురు తిప్పుతూ ఉన్ని వడుకుతోంది. ఆమె కొడుకు ఈదయ్య, సైదులు ఒక ఈడువాళ్లు, ఒకే గుట్ట మీద గొర్లు కాసినవాళ్లు. మూడు వారాల కింద తుపాకులవాళ్లు ఊరి మీద పడ్డ రోజు ఈదయ్య గడ్డివాములో దాక్కున్నాడు. వాళ్లు వెతకలేదు, వాముకు నిప్పుపెట్టారు. సుక్కమ్మ వీధిలో నిలబడి అంతా చూసింది. అప్పటి నుంచి ఆమె ఎవరితోనూ పెద్దగా మాట్లాడటం లేదు.

“కాశీకి పోతున్నమక్కా,” అంది జానమ్మ. ఆ మాట నోటిలో రాయిలా తగిలింది. “తప్పులుంటే...”

సుక్కమ్మ కదురు ఆపి లోపలికి వెళ్లింది. గొంగడి ముక్కలో కట్టిన మూట ఒకటి తెచ్చింది. పిడికెడంత ఉంది. “వాము బూడిదె ఎంతో, వాడెంతో వేరు చేయరాలే సెల్లె. దొరికినంత ఎత్తిన.”

జానమ్మ వెనక్కి జరిగింది. అది చేతిలో ఉండగా నాకాలో ఎవరైనా విప్పితే? ఎవరిదని అడిగితే? “అక్కా, తొవ్వల మూటలిప్పుతరట... మళ్ల ఎవరన్న...”

“నువ్వు ఎంత దూరం పోతవో నేను అడుగుత లేను.” సుక్కమ్మ కళ్లెత్తి చూసింది. ఆ చూపుతో జానమ్మకు అర్థమైపోయింది, సుక్కమ్మకు అంతా తెలుసు. “ఎంత దూరం పోతే అంత దూరం తీస్కపో. ఈ రాజ్యంల మాత్రం ఉంచకు నా కొడుకును.”

జానమ్మ చెయ్యి చాపి అందుకుంది. మూట రొంటిన దోపుకుంది. సుక్కమ్మ మళ్లీ కదురు అందుకుంటూ, “నీ మందల కుంటి గొర్రెను ముందల నడిపిస్త, పరేషాన్ గాకు,” అంది.

కోదాడ దాకా రెండు రోజుల నడక. వైశాఖం ఎండ. సైదులు భుజాన గొంగడి, చేతిలో కర్ర, తల్లి వెనక పది అడుగుల దూరం. దుమ్ము లేచిన ప్రతిసారీ ఇద్దరూ ఆగిపోయేవాళ్లు. అది గాలి దుమ్మో, జీపు దుమ్మో తెలిసేదాకా జానమ్మ కదిలేది కాదు. ఆమెకు తన మీద భయం లేదు. తిరిగి చూసినప్పుడల్లా వెనక కొడుకు ఉన్నాడా లేడా అన్నదే భయం. ఇరవై ఏళ్ల పిల్లవాణ్ని తప్పిపోయిన గొర్రెపిల్లలా చూసుకుంటూ నడిచింది.

రెండో రోజు పొద్దు నడినెత్తికి రాకముందే కోదాడ చెరువు కనిపించింది. కట్ట మీద ఒక బండివాడు ఎద్దులు విప్పి కూర్చున్నాడు. నాకా నుంచి వెనక్కి పంపారట.

“మూటలు, చెంబులు అన్నీ ఇప్పి చూస్తన్నారమ్మా,” అన్నాడు. కోదాడ మాట సగం అవతలి మాటలా ఉంది. “పొద్దున ఇద్దర్ని చెట్టుకు కట్టేశారు. యాత్రకు పోతన్నామన్నారంట పాపం.”

బండివాడు ఎద్దులను నీళ్లకు తోలుకుపోయాక సైదులు తల్లి దగ్గరికి వచ్చాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. “అమ్మా, ఆ మూట పారెయ్యి. ఎవరిదని అడిగితే ఈదయ్య పేరు చెప్పాలె. ఈదయ్య అంటే ఊరు తెలుస్తది. ఊరు తెలిస్తే నేను తెలుస్త.”

“సుక్కక్క ఏమన్నదో ఎరుకేనా?”

“ఎరుకే. వాడు నాకు దోస్తు కాదా? బతికుంటే వాడే పారెయ్యమంటుండె.”

జానమ్మ కట్ట దిగింది. ఎండకు చెరువు ఇంకిపోయి నడిమధ్యన మాత్రం మోకాలి లోతు నీళ్లున్నాయి. బర్రెలు పొర్లి పొర్లి నీళ్లు బురదయ్యాయి. అందులోకి నడిచి ఆమె ముడి విప్పింది. దండం పెట్టాలనుకుంది, చేతులు ఖాళీ లేవు. గొంగడి ముక్కను నీళ్ల మీద దులిపేసింది. బూడిద కొంత మునిగింది, కొంత తెట్టులా తేలి ఒక బర్రె పక్కకు అంటుకుంది. జానమ్మ మొహం తిప్పుకుంది. ముక్కను కూడా పారేయాల్సింది. కాని గొల్లవారి ఆడమనిషి, గొంగడి పేలికను పారేయడం చేతికి అలవాటు లేదు. మడిచి మళ్లీ రొంటిన దోపుకుంది. ఆ సంగతి ఆమెకే గుర్తు లేదు.

నాకా అంటే రోడ్డుకు అడ్డంగా ఒక కర్ర, వేపచెట్టు కింద ఒక బల్ల, బల్ల వెనక ఒక ముసలి జమాదారు. కొంచెం దూరంలో డేరా ముందు ఖాకీ బట్టల పడుచువాళ్లు నలుగురు తుపాకులు తుడుచుకుంటున్నారు. చెట్టు మొదట్లో తాళ్లు మాత్రం పడి ఉన్నాయి. కట్టేసినవాళ్లు లేరు. జానమ్మ ఆ తాళ్ల వైపు చూడకూడదనుకుని అటే చూసింది.

“యాడికి?” జమాదారు పర్వానా విప్పుతూ అడిగాడు.

“పూరీకి దొరా. ఆడికెల్లి కాశీకి. ఆడికెల్లి బదరీకి.” మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

“పూరీల ఏమున్నది?”

పంతులు నేర్పిన మాట ఒక్కటీ నోటికి రాలేదు. “గొర్లు తాగని నీళ్లు,” అంది.

డేరా ముందు ఒకడు పకపకా నవ్వాడు. జమాదారు నవ్వలేదు. “గొల్లోళ్లా? పిల్లగాని పేరు?”

“సైదులు.”

“జాన్‌పహాడు మొక్కా?”

“అవ్ దొరా. ఏటా పొట్టేలు ఇస్తం.”

జమాదారు బల్ల సొరుగులోంచి ఇంకో కాగితం తీశాడు. నాలుగైదు రోజులు పడుతుందన్న కాగితం అప్పుడే వచ్చేసింది. జమాదారు వేలు ఒక్కో పేరు మీద ఆగుతూ కిందికి దిగింది. “నలుగురు సైదులున్నరు దీంట్ల. ఇద్దరు గొల్లోళ్లే. మీ ఊరిది లేదు.” పర్వానాలోని ఊరు చూసే ఆ మాట అన్నాడు. “సరె. మూటలిప్పు.”

జొన్నరొట్టెలు, చీర, తుంగచాప. బక్కమ్మ సీసా. జమాదారు సీసా ఎత్తి ఎండకు పట్టి చూశాడు. “గంగ నీళ్లకా?”

“అవ్ దొరా.”

“మా ఊళ్లె ఎవరన్న కాశీకి పోతే ఇంటికొక బొక్కల మూట ఇచ్చి పంపేటోళ్లు. నీకు సచ్చినోళ్లను ఎవ్వరూ ఇయ్యలేదా? నీళ్లు తెమ్మన్నరు గని, గంగల కలుపమనలేదా?”

లేదందామనుకుంది జానమ్మ. అంతలో జమాదారు ఆమె రొంటి వైపు చూపించాడు. “అదేంది?”

తీసి ఇచ్చింది. గొంగడి ముక్క ఖాళీగా ఉంది. జమాదారు బల్ల మీద దాన్ని విదిలించాడు. బొచ్చులో ఇరుక్కున్న బూడిద పలుకులు నాలుగు పర్వానా మీద రాలాయి.

“ఇందుల ఏముండె?”

అప్పటిదాకా పట్టి ఉంచినదంతా జానమ్మలో ఒక్కసారిగా తెగిపోయింది. కొడుకు సంగతి మరిచిపోయింది, పంతులు నేర్పినది మరిచిపోయింది. “తప్పు చేసిన దొరా. గంగల కలుపుమని ఒక తల్లి ఇచ్చింది. భయపడి చెరువుల దులిపిన. బర్రెలు పొర్లే నీళ్లల్ల దులిపిన. ఏ నీళ్లకు పోతే ఈ పాపం పోతదో నాకెరుక లేదు.” నేల మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

జమాదారు గొంగడి ముక్కను బల్ల మీద పెట్టాడు. “పొద్దుగాల ఇద్దరొచ్చిండ్రు,” అన్నాడు. “పొయ్యిల బూడిద నింపుకొచ్చిండ్రు. ఎవరిదంటే ఒకడు తండ్రిది అనె, ఒకడు తాతది అనె. ఎవ్వడూ ఏడ్వలే.” ఆయన ముందుకు వంగాడు. “ఇది ఎవరిది?”

“ఈదయ్యది.”

“ఎట్ల పోయిండు?”

“గడ్డివాముల కాలిపోయిండు.”

ఏం చెప్పేసిందో అన్నాక గాని ఆమెకు తెలియలేదు. వెనక సైదులు చేతిలోని కర్ర కిందపడ్డ చప్పుడు విని తెలిసింది. జానమ్మ ఏడుపు ఆగిపోయింది. జమాదారు మొహంలోకి చూసింది. ఆ కళ్లు బూడిద పలుకుల మీద నిలిచి ఉన్నాయి.

“ఆ దినం నా డ్యూటీ ఆడనే,” అన్నాడు ఆయన, ఆమెకు తప్ప ఇంకెవరికీ వినిపించనంత మెల్లగా.

ఆయన చూపు పర్వానాలోని ఊరి మీదికి పోయింది. అక్కడి నుంచి పక్కనున్న జాబితా మీదికి పోయి, ఒక పేరు దగ్గర ఆగింది. తర్వాత సైదులు మీదికి వచ్చింది. డేరా ముందు ఒకడు, “క్యా హై చాచా?” అని కేకేశాడు. ఇంకొక్క మాట, ఇంకొక్క సైగ, అంతే. తలగుడ్డ ఒక్కటే మిగులుతుంది.

“కుఛ్ నహీఁ. యాత్రోళ్లు,” అన్నాడు జమాదారు.

మొహరు తీసి పర్వానా మీద గుద్దాడు. బల్ల మీది పలుకులను వేలికొసతో ఒక్కొక్కటే ఏరి గొంగడి ముక్కలో వేశాడు. ముక్కను తానే మడిచి, రెండు ముడులు వేసి ఆమె చేతిలో పెట్టాడు. “బొచ్చులకు పోయిన బూడిద దులిపితే పోదు. ఇంక ఉన్నది. తీస్కపో.”

జానమ్మ లేచింది. సైదులు రెక్క పట్టుకున్నాడు.

“గంగల మునిగినప్పుడు ఇంకో మునక మునుగు,” అన్నాడు జమాదారు. ఆమె వైపు చూడలేదు.

“ఎవరి పేరు మీద దొరా?”

ఆయన డేరా వైపు చూశాడు. అడ్డకర్ర ఎత్తమని చేత్తో సైగ చేశాడు. “పేరు వద్దు.”

పాలేరులో ఇసుక కాలుతోంది. మధ్యన చిన్న పాయ ఒకటి పారుతోంది. సైదులు దాన్ని దూకి అవతల ఒడ్డెక్కి, ఎక్కిన చోటే బోర్లా పడుకున్నాడు. ఇసుకను రెండు చేతులా పట్టుకుని నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. “అయిపాయె అమ్మా. బతికినం. ఇగ జగ్గయ్యపేటల మనోళ్లుంటరు, గాడ ఉందాం.”

జానమ్మ పాయ దాటి వెనక్కి తిరిగి చూసింది. కొడుకు వెనక లేడు, ముందున్నాడు. ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి ఆ వెతుకులాట అక్కర్లేకపోయింది. పిడికిలి విప్పి మూటను చూసుకుంది. ఇక్కడ వదిలేసినా సుక్కమ్మ మాట చెల్లినట్టే. ఆ రాజ్యం దాటింది. పాయలో నీళ్లు తేటగా ఉన్నాయి, గొర్లు తాగే నీళ్లు. వంగి, నీళ్ల దాకా చెయ్యి చాపి, వెనక్కి తీసుకుంది.

గట్టు మీద పుచ్చకాయల బండి ఒకటి ఆగి ఉంది. జానమ్మ దాని దగ్గరికి వెళ్లింది.

“అయ్యా, పూరీకి తొవ్వ యాడికెల్లి?”

బండివాడు ఆమెను కిందికీ పైకీ చూశాడు. “పూరీ అంటే మాటలా అమ్మా! బెజవాడ వెళ్లి రైలెక్కాలి.”

బెజవాడ అన్న మాట అంత గట్టిగా, అంత మామూలుగా వినేసరికి జానమ్మ ఉలిక్కిపడి అటూ ఇటూ చూసింది. ఎవరూ రాలేదు. సైదులు మాత్రం లేచి వచ్చి ఆమె కొంగు పట్టుకున్నాడు. “ఏందమ్మా గిది? మనం నిజంగ పోతలేం గద. కాయితానికే గద రాసింది.”

ఆమె కొంగు విడిపించుకుంది. రొంటిలోంచి పర్వానా తీసి బండివాడి ముందు విప్పింది. “యాడికి పోవాల్నో అంతా దీంట్ల ఉన్నది. జర సదివి తొవ్వ చెప్పు.”

“ఇది తురకంలో ఉందమ్మా. నాకు రాదు.”

“అయితే నేనే చెప్త, విను,” అంది జానమ్మ. గొర్లను లెక్కపెట్టినట్టు వేళ్లు మడుస్తూ మొదలుపెట్టింది. “గొర్లు తాగని నీళ్లు ఒకటి. మెట్లున్న ఏరు ఒకటి. బొచ్చు కొండ ఒకటి. ముందుగాల ఏదొస్తది?”